రావలసినది ఏమియు లేనప్పుడు

మా ఊరికి తూర్పున బకింగ్‌హామ్ కాలువ ఉన్నది. మావారు దానిని ఉట్టి కాలువ అనియే పిలుచుదురు. పడమటి గట్టున మా పల్లె, మా చిన్న ప్రార్థన మందిరము. తూర్పు గట్టున సరుగుడు తోటలు, వాటి ఆవల జాలరుల పాళెము, దాని ఆవల సముద్రము. నా చిన్నతనమున ఈ కాలువలో కట్టెల పడవలు, ఉప్పు పడవలు మద్రాసునకు పోవుచుండెడివి. పడవవాండ్రు గడలతో త్రోయుచు, గాలి కలిసివచ్చినప్పుడు చాప ఎత్తుచు పోవుచుంటే మేము పిల్లలము గట్టు వెంట పరుగెత్తెడివారము. ఇప్పుడు పడవలు లేవు. పూడిక పడి, చిల్లచెట్లు ముసిరి, కొన్నిచోట్ల మనిషి నడచి దాటగలడు.

ప్రియ చదువరులారా, శ్రమలయందు దేవుని నమ్ముకొనవలెనను మాట మనము తరచుగా వినుచునే యున్నాము. నేనును ఆదివారపు బడిలో ఇరువది ఏండ్లు పిల్లలకు ఆ మాట నేర్పితిని. నాకు రాని పాఠమును నేర్పుచుంటినని నలువది నాలుగవ యేట తెలిసెను. ఆ సంగతి వ్రాయుటకే కాలువతో మొదలుపెట్టితిని. మా పెద్దల కథయు నా కథయు ఈ గట్టు మీదనే కలిసినవి.

1994వ సంవత్సరమునాటికి మా తీరమంతయు రొయ్యల మీద మనసు పెట్టుకొని యుండెను. వరి పండని చవుడు నేలకు కూడ కౌలు పలికెను. నాలుగు నెలలలో పంట చేతికి వచ్చును, టైగరు రొయ్యను విదేశములవారు ఎంతకైనను కొందురు అనిరి. నిన్నటి వరకు సైకిలు మీద తిరిగినవాడు మోటారు సైకిలు కొనెను, పూరింటివాడు మిద్దె కట్టెను. నేను ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడను. నా జీతముతో ముగ్గురు బిడ్డలను చదివించుట కష్టమని మనసులో లెక్క వేసికొంటిని. అది అబద్ధము కాదు, గాని పూర్తి నిజమును కాదు. ఎదురింటి మిద్దె కూడ ఆ లెక్కలో ఉండెను.

రెండెకరముల గుంట కౌలుకు తీసికొంటిని. నా భార్య నగలు తాకట్టు పెట్టితిని. నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు వ్రాసితిని. అయినను మేతకు చాలలేదు. అప్పుడు నేను మా సంఘమునకు కోశాధికారిగా నుంటిని. మందిరము మీది రేకులు తీసి కప్పు వేయవలెనని సంఘస్థులు ఏండ్ల తరబడి కూర్చిన ధనము నా చేతిలో ఉండెను. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారి మా స్త్రీలు ఒక పిడికెడు బియ్యము వేరు కుండలో వేసి, నెల చివర ఆ బియ్యము అమ్మి తెచ్చిన డబ్బు అది. పద్దెనిమిది వేల రూపాయలు. దానిని తీసి రొయ్యల మేత కొంటిని.

తీసిన రాత్రి మోకాళ్ళు వేసి ప్రార్థన చేసితిని. పంట ఇచ్చిన యెడల పద్దెనిమిదికి ముప్పది ఆరు వేలు నీ మందిరమునకు కట్టెదనని ప్రభువుతో చెప్పితిని. బేతేలులో యాకోబు చేసిన మ్రొక్కుబడి నాకు ఆధారముగా దొరికెను. మనకు కావలసిన దానికి వాక్యము దొరకకుండ ఎన్నడైన ఉండునా? లేచినప్పుడు నా మనసు ఎంతో తేలికగా ఉండెను. దానినే నేను విశ్వాసమనుకొంటిని.

డెబ్బది దినములు పైరు బాగుగానే ఎదిగెను. ఒక ఉదయమున బడికి పోవుటకు ముందు గుంట దగ్గరకు పోతిని. దూరమునుండియే గట్టు నల్లగా కనబడెను. కాకులు. దగ్గరకు పోగా రొయ్యలు నీటి అంచుకు వచ్చి కదలక పడియుండెను. ఒకదానిని చేతిలోనికి తీసికొని తలమీది డొప్ప చూచితిని. బియ్యపు నూక చల్లినట్లు తెల్లని మచ్చలు. ఆ యేడు మన తీరమునకు తొలిసారి వచ్చిన తెల్లమచ్చ తెగులు అది. దానికి మందు లేదు. వారము దినములలో గుంట ఖాళీ అయ్యెను. ఆ తెగులు నీటిని మేమందరము కాలువలోనికే వదలితిమి. దిగువనున్నవాడు ఆ కాలువ నీటినే ఇంజనుతో తన గుంటకు తోడుకొనెను. ఇదియు నా లెక్కలోనిదే.

ఆ తరువాత నేను ప్రార్థన మానితిని. మందిరమునకు పోవుచునే యుంటిని, కోశాధికారి రాకపోయిన యెడల అడుగుదురు గదా. పాటలు పాడునప్పుడు పెదవులు కదలించెడివాడను. పద్దెనిమిది వేల సంగతి నా భార్యకు కూడ చెప్పలేదు. క్రిస్మసు పండుగకు ముందు సంఘపు లెక్కలు చదువుట మా వాడుక. ఆ దినము దగ్గరపడుచుండెను.

ఒక రాత్రి ఇంటిలో ఉండలేక కాలువ గట్టుకు పోయి కూర్చుంటిని. నీరు నిండుగా ఉండెను. నాకు ఈత రాదు. అంతకు మించి ఆ రాత్రి ఆలోచనలను గూర్చి వ్రాయను.

ఎంతసేపటికో వెనుక లాంతరు వెలుగు కనబడెను. మా అమ్మ. అప్పటికి ఆమెకు డెబ్బది దాటినవి, చూపు సరిగా ఆనదు. లాంతరు పక్కన పెట్టి, నడుము పట్టుకొని నా ప్రక్కన కూర్చుండెను.

“ఏందబ్బయా, ఈ చీకట్లో ఇక్కడ కూర్చోనుండావు?”

“నిద్ర పట్టలేదమ్మా.”

ఆమె ఏమియు అనలేదు. నాకే లోపలిది పొంగివచ్చెను. “నేనేం పాపం చేశానమ్మా? ఇన్నేళ్ళు ఆయన్నే నమ్ముకోనుంటి గదా. అందరి గుంటలకన్నా ముందు నా గుంటే పోవాల్నా?” అంటిని.

మా అమ్మ నీళ్ళ వైపు చూచుచు, “దేవుడు నీకెంత బాకీ ఉండాడురా?” అనెను.

నాకు కోపము వచ్చెను. నేను అప్పులవాండ్ర చేతిలో నలుగుచుంటే ఈమె నాతో ఎగతాళి చేయుచున్నదనుకొంటిని. ఆమె ఎగతాళి చేయలేదు. “మీ ముత్తాత ఈ కాలవ తవ్వినోడు. ఆయనేమన్నాడో మీ అవ్వ నీకు చెప్పలా?” అనెను.

అవ్వ చెప్పియుండెను. ఒకసారి కాదు, పదిసార్లు. చిన్ననాట విన్న కథ గనుక కథగానే ఉండిపోయినది. మీకును చెప్పెదను.

మన నెల్లూరు మిషను మొదటి దినముల సంగతి మన సంఘములలో ఎరుగని బిడ్డ లేడు గనుక విస్తరింపను. 1840లో డే దొరగారు నెల్లూరునకు వచ్చుట, ఫలము కనబడనందున ఈ పని మూసివేయుదుమా అని అమెరికాలోని పెద్దలు 1853లోను 1862లోను తర్కించుట, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దంపతులు, నరసు, రూతు, జూలియా అను అయిదుగురు ఒంగోలు కొండ మీద మోకరించుట, ఇవన్నియు మీరు వినినవే. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిదే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోనికి పోయినది. ఆ కొండ మీది ప్రార్థనకు పండ్రెండు ఏండ్ల తరువాత, 1866లో, క్లౌ దొరగారు ఒంగోలునకు వచ్చిరి.

1876లో వానలు తప్పెను. అది ధాత సంవత్సరము. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనునది అదియే. మరుసటి యేడును కరవే. దక్షిణ దేశమున లక్షలకొలది జనము చచ్చిరి. మద్రాసు ప్రభుత్వమువారు కరువు పనిగా ఈ కాలువను త్రవ్వించిరి. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే దీనికి నిలిచినది. క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును తామే కంట్రాక్టు తీసికొనిరి. తమ బోధకులనే మేస్త్రీలుగా పెట్టిరి. ఇతర చోట్ల మేస్త్రీల తిట్లు దెబ్బలు పడలేని మాల మాదిగ జనము అక్కడికి పోయి పార పట్టుకొనిరి. మధ్యాహ్నము నీడ పట్టున కూర్చున్నప్పుడు ఆ మేస్త్రీలే వారికి సువార్త చెప్పెడివారు.

మా ముత్తాత కందుకూరు వైపు మెట్ట పల్లెనుండి భార్యను, ఆరేండ్ల కొడుకును తీసికొని ఆ పనికి నడచి వచ్చెను. అతడు త్రవ్వును, ఆమె గంపతో మన్ను మోయును. కొన్ని నెలలు వాక్యము వినిన పిమ్మట అతడు బాప్తిస్మము అడిగెను. “కరువు తీరనీరా. అప్పటికీ కావాలంటే అడుగు” అని మేస్త్రీ అనెను. అది అతని స్వంత మాట కాదు. కరువు దినములలో ఎవరికిని బాప్తిస్మము ఇయ్యకూడదని దొరగారు నిర్ణయించిరి. గింజల కొరకు వచ్చినవాడెవడో దేవుని కొరకు వచ్చినవాడెవడో ఆకలి వేళ ఎవరు చెప్పగలరు? ఆకలిగొన్నవానికే తెలియదు. పదిహేను నెలలు ఆ కట్టడి నిలిచెను.

ఆ మధ్యలో గట్టు మీద వాంతిభేది వచ్చెను. కొడుకు ఉదయమున పడి సాయంకాలమునకు పోయెను. త్రవ్విన మంటిలోనే ఒక ప్రక్క పాతిపెట్టిరి. మరునాడు ముత్తాత మరల పార పట్టెను. పట్టకపోయిన యెడల ఆ పూట ఇద్దరికిని గింజలు లేవు.

1878లో పని ముగిసెను. ఇక కూలియు సహాయమును లేవని దొరగారు ఊరూర కబురు పంపిరి. అట్లయిన జనము ఆగుదురనుకొనిరేమో, ఆగలేదు. మా ముత్తాత వెల్లంపల్లికి బయలుదేరుచుండగా అతని భార్య తలుపులో అడ్డము నిలిచి, “బిడ్డను మింగిన గట్టు దగ్గిర చెప్పిన దేవుడే గదా. ఏం మొగం పెట్టుకోని పోతావు?” అని అడిగినదట. అతడు చెప్పిన మాటను మా అవ్వ అతని గొంతుతోనే చెప్పెడిది.

“కూలి ముట్టింది. బిడ్డ పోయాడు. ఇంక ఆయన దగ్గిర నాకు రావాల్సిందేం లేదు. ఇప్పుడు పోతే ఆయన కోసమే పోయినట్టు.”

వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ యేటిలో జూలై 3వ తేదీన ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, వంతులు మార్చుకొనుచు నీళ్ళలో నిలిచి ఇచ్చిరి. ముందు వెనుక దినములతో కలిపి మూడు దినములలో 3,536 మంది. మా ముత్తాత ఆ మూడింటిలో ఏ దినమున నీళ్ళలో దిగెనో అవ్వకు తెలియదు. అతని భార్య మాత్రము ఆ యేడు పోలేదు. “మా అమ్మకి ఇంకా తొమ్మిదేండ్లు పట్టింది” అనెడిది అవ్వ. అందులో ఆమె తప్పేమియు పట్టెడిది కాదు. కరువు తీరిన తరువాత పుట్టిన అవ్వను చంకలో నుండి దింపి, అప్పుడు ఆ తల్లి నీళ్ళలో దిగినదట.

ఈ కథ ఆ రాత్రి మా అమ్మ అంతయు చెప్పలేదు. ముత్తాత అన్న మాట ఒక్కటే చెప్పి ఊరకుండెను. నాకు నా మోకాళ్ళ ప్రార్థన గుర్తు వచ్చెను. నేను ప్రభువును నమ్మలేదు, ఆయనతో బేరమాడితిని. ఆయన ఒప్పుకొనని బేరమునకు ఆయన మీదనే ప్రోనోటు వ్రాసికొని, గడువు దాటెనని అలిగితిని. రొయ్యలు పోవుటకు ముందే నాయందు విశ్వాసము లేదు. రొయ్యలు బ్రదికిన యెడల అది నాకు ఎన్నటికిని తెలియక పోయెడిది. రెట్టింపు కట్టి, రాతి మీద పేరు చెక్కించుకొని, సాక్ష్యము కూడ చెప్పియుందును.

అప్పుడు అమ్మతో సంఘపు డబ్బు సంగతి చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. లాంతరు వత్తి తగ్గించి, మరల పెంచెను. “లెక్కలు చదివే దినం దాకా ఆగబాక. ఈ ఆదివారమే చెప్పు. ముందు ఇంట్లో పిల్లకి చెప్పు” అనెను.

చెప్పితిని. నా భార్య రెండు దినములు నాతో మాటాడలేదు. ఆదివారమున ఆరాధన ముగియక మునుపు లేచి నిలిచి సంఘము ఎదుట అంతయు ఒప్పుకొంటిని. కాళ్ళు వణకినవి. మందిరములో చప్పుడు లేదు. కొందరు తల వంచుకొనిరి, ఒకరిద్దరు లేచి బయటికి పోయిరి. చివరకు చాపల వరుసలో కూర్చున్న ఒక ముసలామె, విధవరాలు, చేపల గంప మోసి బ్రదుకునది, మోకాలు పట్టుకొని లేచెను. “పిడికెడు బియ్యమే గదా అయ్యవారూ, మళ్ళా తీస్తాం. నువ్వు మాత్రం అణాపైసల్తో కట్టాల” అని కూర్చుండెను. పెద్దలు ఆమె మాటనే తీర్మానముగా వ్రాసికొనిరి. నెలకు మూడు వందలు. 1995 జనవరినుండి 1999 డిసెంబరు వరకు, అరువది నెలలు కట్టితిని. కోశాధికారి పని మరల నాకు ఇయ్యలేదు. అది న్యాయమే.

ఆ అయిదేండ్లలో నా అప్పులేవియు అద్భుతముగా తీరలేదని ఇక్కడ చెప్పవలెను. సాక్ష్యములలో ఈ చోటికి వచ్చినప్పుడు ఎవరో తలుపు తట్టుదురు, తెలియని చేతినుండి డబ్బు వచ్చును. నాకు అట్లు జరుగలేదు. నగలు వేలములో పోయినవి. పెద్దవాడు ఒక సంవత్సరము చదువు మానెను. సాయంకాలములు ట్యూషన్లు చెప్పి వడ్డీ కట్టితిని. హబక్కూకు ప్రవక్త తన గ్రంథపు చివరి అధ్యాయమున తన దేశపు నష్టములన్నిటిని, తోట మొదలు పశువుల సాల వరకు, ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, అవన్నియు పోయినను తన ఆనందము ప్రభువునందే అని తేల్చుకొనెను. పోయినవి తిరిగి వచ్చునని అతడక్కడ వ్రాయలేదు. ఆ అధ్యాయమును నేను అంతకుముందు పరీక్షకు చదివినట్లు చదివితిని. ఆ యేండ్లలో అన్నము తిన్నట్లు చదివితిని. ప్రార్థన కూడ మరల వచ్చెను, గాని చిన్నదిగా వచ్చెను. అడుగుటకు ఏమియు తోచక, ఊరక ఆయన ఎదుట కూర్చుండెడివాడను. ఆ కూర్చుండుటలో, గుంట నిండుగా ఉన్న దినములలో లేని నెమ్మది ఉండెను. దానికి కారణము చెప్పలేను, ఉండెనని మాత్రము చెప్పగలను.

మా అమ్మ 2001లో ప్రభువునందు నిద్రించెను. అటుపిమ్మట జరిగిన ఒక సంగతి ఆమె చూచియుండిన యెడల ఏమనెడిదో!

2004 డిసెంబరు 26వ తేదీ, ఆదివారము. క్రిస్మసు మరునాడు గనుక మందిరమునకు కట్టిన రంగు కాగితములు ఇంకను వ్రేలాడుచుండెను. ఆరాధనకు కూడుకొనుచుండగా తూర్పునుండి కేకలు వినబడినవి. సరుగుడు తోటలోనుండి పాళెమువారు పరుగెత్తి వచ్చుచుండిరి. వారి వెనుక నీరు. అలవలె ఎగసి కాదు, చాప పరచుకొన్నట్లు నేలబారుగా, బురద రంగుతో, పడవ చెక్కలను వలలను మోసికొనుచు వచ్చెను. మేము పడమటి గట్టు మీద నిలిచి చూచుచుంటిమి. ఆ నీరు కాలువలోనికి దిగెను. కాలువ గట్టంచు వరకు నిండెను, సుడి తిరిగెను, అక్కడ ఆగెను. కొట్టుకొని వచ్చినవారు కాలువలో పడి, ఈదుకొని గట్టెక్కిరి. మాలో ఈత వచ్చినవారు దిగి పిల్లలను అందుకొనిరి. కొంతసేపటికి నీరు వచ్చిన త్రోవనే వెనుకకు తీసెను.

ఆ దినమున ఆంధ్ర తీరమున నూరుమందికి పైగా చనిపోయిరి, తమిళ తీరమున వేలమంది. మా పల్లెలో ఎవరును పోలేదు. ఈ కాలువ సునామీ నీటిని తనలోనికి తీసికొని మన తీరపు జనమును కాపాడెనని మరుసటి యేడు శాస్త్రజ్ఞులు కూడ పత్రికలో ప్రకటించిరి. 1877లో ఆకలితో అలమటించు జనము గంపలతో మోసి పోసిన మన్ను, నూట ఇరువది ఏడేండ్లకు వారి మునిమనుమల ప్రాణమునకు అడ్డు నిలిచెను.

అది వినిన ఒక పెద్దమనిషి, చూచితిరా, ఈ దినము కొరకే దేవుడు ఆ కరువు పంపెను అనెను. ఆయన మంచి మనసుతోనే అనెను, గాని నేను ఒప్పుకొనలేకపోతిని. ఆ గట్టు మంటిలో ఆరేండ్ల బిడ్డ ఉన్నాడు. వాని చావునకు మా ప్రాణములు వెల అని లెక్క తేల్చుటకు నేనెవరిని? లెక్కలలో నా నైపుణ్యము సంఘము ఎరుగును. మా ముత్తాతకు ఈ సంగతి తెలియదు. కాలువ ఎవరికైన మేలు చేయునా చేయదా అని చూచుకొని అతడు గుండ్లకమ్మలో దిగలేదు.

ఇప్పుడు నాకు డెబ్బది దాటినవి. మా తీరమున మరల రొయ్యల గుంటలున్నవి. టైగరు పోయి వెనామీ వచ్చినది, తెగుళ్ళును వాటి వెంట వచ్చుచునే ఉన్నవి. మొన్న మా సంఘపు పిల్లవాడొకడు ఇంటికి వచ్చి, “తాతా, రేపు సీడు వదుల్తుండా. గట్టు మీద ప్రార్థన చెయ్యాల. పంటొస్తే మందిరానికి మైకు సెట్టు కొనిస్తానని మొక్కుకున్నా, అది కూడా కలిపి చెప్పు” అనెను.

వాని బండి వెనుక కూర్చుండి పోతిని. గుంట శుభ్రముగా ఉండెను. నాలుగు మూలల ఏరేటర్లు తిరుగుచుండెను.

“సంఘం డబ్బేమన్నా తీశావంట్రా?” అని అడిగితిని.

“అయ్యో, లేదు తాతా.”

“మంచిది. అయితే మైకు మాటా పంట మాటా తీకుండా ప్రార్థన చేస్తా. ఒప్పుకుంటావా?”

వాడు నా ముఖము చూచెను, నీటిని చూచెను. వానికి నాలుగు లక్షల అప్పు ఉన్నదని నాకు తెలియును. చాలసేపు ఆలోచించెను. పిమ్మట తల మీది టోపీ తీసి చంకలో పెట్టుకొని, చెప్పులు విడిచి, నా ప్రక్కన నిలిచెను.